వారానికో సూది

"గిన్నెలో మిగిలింది పారేస్తావా ఏంటి, తినెయ్" అన్నాడు భర్త చెయ్యి కడుక్కుంటూ. ఆ వెంటనే, "అలా తినీ తినీ కదూ ఇలా అయ్యావ్" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. రెండు మాటలకీ మధ్య కొళాయి కట్టేసేంత వ్యవధి కూడా లేదు.

ఆ ఇంట్లో ఆమె ఒళ్ళు ఉమ్మడి ఆస్తి. ఎవరి నోటికి తోచింది వాళ్ళనేవారు. "ఇద్దరు పిల్లల్ని మేమూ కన్నాం, ఇలా పొంగలేదమ్మా" అనేది అత్తగారు. "వదిన కూర్చుందంటే సోఫాకి దణ్ణం పెట్టాలి" అనేది ఆడపడుచు. అందరితోపాటు ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు, అదో కొత్త జోకు.

ఆసుపత్రి ల్యాబులో మాత్రం ఆమె వేరే మనిషి. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు మైనం దిమ్మల్లో బిగించి ఉంటాయి. వాటిని వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పలచన పొరలుగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతిలో పొర చిరగలేదు.

ఆమె నెలసరి ఆ ఏడాది మొదలైతే ఆగడం మానేసింది. పద్దెనిమిదో రోజున అమ్మ గుర్తొచ్చింది. వాళ్ళమ్మా ఇలాగే, ఇంట్లో పని తెమలాక చూపించుకుందాంలే అనుకుంటూ గర్భసంచి క్యాన్సర్ ముదిరాక వెళ్ళింది. పని ఏనాడు తెమిలింది గనక! ఆమె మర్నాడే వెళ్ళి, గర్భసంచి లోపలి పొరలోంచి ముక్క తీయించుకుని బయాప్సీకిచ్చింది. రెండ్రోజులకి ఆ ముక్క బిగించిన దిమ్మ తన బల్ల మీదికే వచ్చింది.

"అక్కా, ఇది నీది. నువ్వు పక్కకెళ్ళు, నేను కోస్తాలే" అంది పక్క సీటు అమ్మాయి.

"నా చెయ్యి వణికితే అప్పుడు తీసుకో."

వణకలేదు. కత్తి కింద తన ముక్క ఉల్లిపొరలా జాలువారుతుంటే భయం కన్నా ముందు గర్వం వచ్చిందామెకి. ఇంటిల్లిపాదీ ఆడిపోసుకున్న ఈ ఒంటిని ఇంత శ్రద్ధగా ముట్టుకున్నది తనే కదా అనుకుంది.

"క్యాన్సర్ కాదు. కానీ గర్భసంచి పొర మందంగా పెరిగింది, వదిలేస్తే అటే పోవచ్చు" అంది డాక్టరమ్మ. "కొవ్వు ఊరికే కూర్చోదమ్మా, అదీ హార్మోన్ తయారుచేస్తుంది. ఆ హార్మోనే పొరని పెంచుతుంది. దీనికి మాత్రలిస్తాను. బరువు తగ్గడానికి వారానికో సూది ఉంది."

"ఆ సూది క్యాన్సర్ రాకుండా ఆపుతుందా?"

"ఆపుతుందని రాసివ్వలేను. బరువుతో వచ్చే కొన్ని క్యాన్సర్లు తగ్గొచ్చని పరిశోధనల్లో ఆశ కనిపిస్తోంది. ఇంకా తేలాల్సింది చాలా ఉంది."

అన్నీ తెలిసినట్టు మాట్లాడేవాళ్ళ మధ్య బతికిన ఆమెకి, తెలీనిది తెలీదని చెప్పిన ఆ మాట మీదే నమ్మకం కుదిరింది.

"నోరు కట్టుకోలేక సూదులా? బద్ధకస్తుల మందు" అన్నాడు భర్త. బద్ధకం! తెల్లారకముందే లేచి అందరికీ వండి, ఎనిమిది గంటలు ల్యాబులో కూర్చుని, వచ్చి మళ్ళీ అంట్లు తోమే మనిషికి ఆ ఒక్క భోగమూ దక్కలేదని ఆమెకి నవ్వొచ్చింది.

"మీ బీపీ మాత్రని నేనెప్పుడైనా ఆ మాటన్నానా?" అంది.

ఆదివారం పొద్దున్నే డైనింగు టేబుల్ దగ్గరే, అందరి ముందే, పొట్ట మీద సూది వేసుకుంది. దాచుకోవడానికి అదేం దొంగతనమా! మొదటి నెలల్లో ఆ మందు వల్ల పోపు వాసనకే కడుపులో తిప్పేది. "వంట మీరు చూసుకోండి" అని గరిటె భర్త చేతికిచ్చింది. మాడబెడుతూనే నేర్చుకున్నాడు.

ఏడాది దాటేసరికి బరువు బాగా తగ్గింది, మళ్ళీ పరీక్ష చేస్తే పొర మామూలుగా ఉంది. "ఇందులో మాత్ర వాటా ఎంతో, బరువు వాటా ఎంతో విడదీసి చెప్పలేను. వస్తూనే ఉండాలి" అంది డాక్టరమ్మ. వస్తానంది.

ఆ తర్వాత ఓసారి చుట్టాలంతా కలిశారు. "చూశారా మా ఆవిణ్ణి? ఇప్పుడు నా పక్కన నిలబడితే జోడీ కుదిరింది" అని భర్త మురిసిపోయాడు. ఆడపడుచు మూతి తిప్పింది. "ఎంతైనా సూదితో తగ్గిందేగా, అందులో గొప్పేముంది వదినా?"

ఈసారి ఆమె నవ్వలేదు.

"గొప్పే. మా అమ్మ నలభై ఎనిమిదేళ్ళకే పోయింది. మొన్న బుధవారం నాకు నలభై తొమ్మిది నిండాయి. నేను తగ్గింది మీ అన్నయ్య పక్కన నిలబడ్డానికి కాదు, మా అమ్మకి దక్కని వయసులో నిలబడ్డానికి."