ఈల వేశాం కదా

మిట్టమధ్యాహ్నం కొండ మీద ఈల వినపడగానే మా ఊళ్లో ఇళ్లన్నీ ఖాళీ అవుతాయి. పొయ్యి మీది గిన్నె దించి, ఉయ్యాల్లోని బిడ్డను చంకనేసుకుని, ముసలివాళ్లను చెయ్యి పట్టి నడిపించుకుని అందరం వీధిలో నిలబడతాం. కంట్రాక్టరు కంకర కోసం కొండను పేలుస్తాడు. నేల అదురుతుంది. దుమ్ము అణిగాక, ఎవరి గోడ కొత్తగా బీట వేసిందో చూసుకుంటూ లోపలికి పోతాం. మూడేళ్లుగా ఇదే బతుకు.

ఆ రోజు మంత్రసాని అవ్వ మనవరాలు బయటికి రాలేకపోయింది. కాన్పయి మూడు రోజులే. బిడ్డను కిటికీలోంచి అవ్వ చేతికి అందించి, తను అడుగు వేసేలోపే గోడ కూలి కాలు విరిగింది. కొండ మేస్త్రీ తీరిగ్గా వచ్చి చూశాడు.

"ఈల వేశాం కదా. రాకపోతే మా తప్పా?" అన్నాడు.

నేను కుట్టుమిషను తొక్కుకుని బతికేవాణ్ణి. గొడవలంటే ఆమడ దూరం. ఆ మాటకు నాకూ ఒళ్లు మండింది. పైగా మరో పదిరోజుల్లో, సోమవారం నుంచి కొండకు ఇటువైపే, మా ఇళ్ల నెత్తిన పేలుస్తారట. అదే జరిగితే ఊరు మిగలదు.

నా కొట్లో తలుపులేసుకుని మాట్లాడుకున్నాం. పెద్దాఫీసరుకు అర్జీ ఇద్దామనుకున్నాం. వెళ్లేసరికి ఆఫీసరు పక్కన కంట్రాక్టరు టీ తాగుతున్నాడు. "రండి, మీకోసమే చూస్తున్నాం" అన్నాడు. బుధవారం కంకర లారీలకు అడ్డంగా కూర్చుందామనుకున్నాం. తెల్లారేసరికి ఆ దారిలో పోలీసులు మాకంటే ముందే కూర్చున్నారు.

ఇక ఊళ్లో ఎవరి నీడను వాళ్లే నమ్మలేదు. గోడలకు చెవులుంటాయంటారు. మా గోడలకు బీటలున్నాయి, ప్రతి బీట వెనకా పక్కింటివాడి చెవే ఉందనిపించేది. బావి దగ్గర మాటలు ఆగిపోయాయి.

"నిన్న పొద్దున్నే ఎక్కడికెళ్లావు?" అని మా ఆవిడ కూడా నిలదీసింది.

"దారం కొనడానికి" అన్నాను.

చివరికి అనుమానమంతా కత్తిబావ మీద పడింది. ఊళ్లో గడ్డాలు గీసేవాణ్ణి అందరం అలాగే పిలుస్తాం. రోజూ పొద్దున్నే కంట్రాక్టరు వరండాలో అతనికి గడ్డం గీసేదీ బావే. ఊరు బావకు గడ్డం ఇవ్వడం మానేసింది. శనివారం అతన్ని నా కొట్లోకి ఈడ్చుకొచ్చాం. గొర్రెల మామ కాలరు పట్టుకున్నాడు.

"చెప్పరా, ఏం ఆశ పెట్టాడు నీకు?"

"కాలరు వదులు మామా. నేను చెప్పడం దేనికి? నేను నురగ రాసేలోపే మీరొస్తారుగా! అర్జీకి ముందురోజు వచ్చింది నువ్వే. 'గొర్రెలు మేసే చోటు వదిలెయ్ బాబూ, నేను వాళ్లతో లేను' అన్నావు. లారీల సంగతి చెప్పిందేమో..."

నా వైపు చూసి ఆగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నేనే. నా ఇంటి వైపు పేల్చొద్దని అడగబోయి నోరు జారాను" అన్నాను.

ఎవరూ తలెత్తలేదు. మూలన కూర్చున్న అవ్వ లేచి ముందుకొచ్చింది. "నేనూ వెళ్లానురా, పిల్ల కాలు బాగుచేయించమని. ఒక్కొక్కరం వెళ్లి వాడికి ఊరంతా అప్పజెప్పాం."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం బావా?" అన్నాను.

"చెబితే ఒకళ్ల పీక ఒకళ్లు పట్టుకుంటారని. చివరికి నా పీకే పట్టుకున్నారు."

ఏడుస్తూనే నవ్వాం. అవ్వ కళ్లు తుడుచుకుంది.

"దాచడానికి మనమేం దొంగలమా? ఈసారి వాడికి చెప్పే చేద్దాం. వెళ్తే అందరం వెళ్దాం."

ఆదివారం పొద్దున బావ నురగ రాస్తూ చెప్పాడు. "రేపు మీ ఈలకు ఊరంతా కొండెక్కుతుందయ్యా." కంట్రాక్టరు నవ్వాడట. ఎవడో ఒకడు బతిమాలుకుంటూ వస్తాడులే అని ఎదురుచూశాడట. ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి సగం గడ్డంతోనే లేచి వీధిలోకి తొంగిచూశాడట.

సోమవారం ఈల మోగింది. వీధిలో ఎవరూ నిలబడలేదు. ముందు మనవరాలి మంచం మోసుకుంటూ, వెనక బిడ్డలతో, ముసలివాళ్లతో కొండెక్కాం. మందు కూరిన గుంటల చుట్టూ కూర్చున్నాం. మేస్త్రీ చేతిలో ఈల అలాగే ఉండిపోయింది.

"ఈల వేశావు కదా నాయనా," అంది అవ్వ. "వచ్చాం."

పోలీసులు వచ్చి బావను, మామను, నన్ను వ్యానెక్కించి కొండ కింది స్టేషనుకు తీసుకుపోయారు. వ్యానెక్కుతూ చూస్తే అవ్వ ఇంకా గుంట పక్కనే కూర్చుని ఉంది. నాయకుల్ని పట్టేశాం, ఇక పనైపోయిందనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఈల వినపడింది. ముగ్గురం గోడకు చేతులానించి, నేల అదురుతుందేమోనని కాచుకున్నాం. ఈల రెండోసారి మోగింది. మూడోసారీ మోగింది.

నేల అదరలేదు.