మీడియం సైజు మనిషి

గ్లవ్స్ వేసుకున్న చేత్తో తొమ్మిదోసారి జిప్పు లాగాడు. అది సగంలో ఆగింది. కిందికి తీసి మళ్లీ లాగాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఆ కోటును పక్కన పెట్టి, చీటీ మీద "పదోసారి దాకా రాలేదు" అని రాసి కాలరుకు పిన్నీసుతో గుచ్చాడు.

కొత్త సరుకులో పన్నెండు చలికోట్లు వచ్చాయి. షాపు తెరవడానికి ఇంకా అరగంట ఉంది. ఒక్కో కోటుకు పదిసార్లు జిప్పు లాగి చూస్తాడు, అదీ ఉన్ని గ్లవ్స్ వేసుకుని. కొనేవాళ్లు షాపులో వట్టి చేత్తో లాగి చూసుకుంటారు, కాని మంచులో లాగేది గ్లవ్స్‌తోనే. తర్వాత కోటు భుజం మీద చెంచాడు నీళ్లు పోస్తాడు. పూసల్లా జారిపోతే సరే, మరకలా పాకితే కాదు. తర్వాత తిరగేసి, కుట్ల వెంబడి నీళ్లు దిగకుండా టేపు అంటించారో లేదో వేలితో తడుముతాడు. ఇవి చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేస్తున్నాడు కాబట్టి వద్దని కూడా ఎవరూ అనరు.

"మీడియం బాబాయ్, టీ చల్లారిపోతోంది." బిల్లు కౌంటరులో కూచునే ఆవిడ గ్లాసు తెచ్చి పెట్టింది. "ఆ జిప్పుల్ని అంతలా పీడిస్తే ఏదో ఒక రోజు కోర్టుకెక్కుతాయి."

"సగంలో ఆగిపోయేది కోర్టు మెట్లేం ఎక్కుతుందిలే."

ఆ పేరు ఆయన ఒంటిని బట్టి వచ్చింది. ఎత్తు, ఛాతీ, చేతుల పొడవు, అన్నీ కంపెనీవాళ్లు మీడియం అని ముద్ర వేసే కొలతకు అంగుళం తేడా లేకుండా సరిపోయేవి. చలికోటు కొనడానికి వచ్చేవాళ్లలో సగంమంది తమ కోసం రారు. వేసుకోవలసిన మనిషి ఎక్కడో కరెంటు స్తంభం మీదో, రోడ్డు మీద మంచు ఎత్తిపోస్తూనో ఉంటాడు. షాపుకు వచ్చేది అక్కో, తల్లో, పెళ్లామో. వాళ్లు కోట్లన్నీ చూసి, చివరికి ఆయన్ని చూసి, "మావాడు అచ్చం మీ అంతే ఉంటాడండీ" అంటారు. ఆయన తొడుక్కుంటాడు. చేతులు పైకెత్తుతాడు, వంగుతాడు, గొంతుక్కూచుంటాడు. స్తంభాలెక్కేవాళ్ల బదులు, సర్వేయర్ల బదులు, గొర్రెల కాపరి బదులు, ఒకసారి ఒకావిడ కోసం, జైలు నుంచి రాబోతున్న ఆమె తమ్ముడి బదులు అలా నిలబడ్డాడు. ఒక తల్లి ఆయనకు గొంతు దాకా జిప్పు పెట్టి, కాలరు సర్ది, చెంప మీద చెయ్యి వెయ్యబోయి, ఎదురుగా ఉన్నదెవరో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ సంగతి ఇంట్లో చెబితే ఆయన భార్య, "ఇంకేం, ఊరందరి కొడుకువి" అంది.

పోయిన వానాకాలంలో కోట్లు తిరిగి రావడం మొదలైంది. అలా వచ్చిన మూడూ ఆయన మీద వేసి చూసి పట్టుకెళ్లినవే. ఛాతీ దగ్గర బిగుతు, చెయ్యెత్తితే చంక పట్టేస్తోంది అన్నారు. కౌంటరావిడ కంపెనీని తిట్టింది. కొన్నాళ్లుగా మీడియం కోట్లు తన మీద వదులుగా ఉంటున్నాయని, కంపెనీ కొలతలు పెంచేసిందనుకుని, ఆ మూడింటినీ ఆయనే ఒక సైజు తగ్గించి ఇచ్చాడు. ఆ సాయంత్రం కొలత టేపు తీసుకుని షాపులోని మీడియం కోట్లు కొలిచాడు. కొలతలు ఎప్పటిలాగే ఉన్నాయి. ట్రయల్ రూములోకి వెళ్లి అదే టేపు తన ఛాతీకి చుట్టుకున్నాడు.

ఇంటికెళ్లి, "లావుపాటి స్వెట్టర్ ఒకటి అల్లిపెట్టవే" అన్నాడు.

"చలేస్తోందా?"

"కోటు నిండటం లేదు."

ఆమె ఆయన్ని భుజాల నుంచి నడుం దాకా ఒకసారి చూసింది. రెండు పేటల ఉన్నితో అల్లింది. లోపలివైపు రెండు భుజాల దగ్గరా పాత దుప్పటి గుడ్డ మడతలు పెట్టి కుట్టింది. ఆ స్వెట్టర్ తొడుక్కుంటే ఆయన మళ్లీ మీడియం అయ్యాడు. కోట్లు తిరిగి రావడం ఆగిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లమని మాత్రం ఆమె రోజూ పోరింది. క్రితం వారం వెళ్లాడు.

డాక్టరు కాగితాలన్నీ చూసి, "ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగాడు.

"మా ఆవిడ ఉందండీ."

"ఇంకా?"

"మా ఆవిడ ఉందండీ."

సోమవారం వచ్చి ఆస్పత్రిలో చేరమన్నాడు. ఎన్నాళ్లకో చెప్పలేదు, ఆయనా అడగలేదు. షాపులో నాలుగు రోజులు సెలవు కావాలన్నాడు. ఇవాళ శనివారం.

పదకొండింటికి ఒక పెద్దావిడ కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. కోటు అల్లుడికట.

"మా అల్లుడు మీ అంతే ఉంటాడండీ. కాస్త పొట్ట ఉంటుందనుకోండి."

"అమ్మా!" అంది కూతురు.

"ఏం, నేను పెట్టిన పొట్టా? నువ్వు మేపిందే."

"ఏం పని చేస్తారమ్మా?" ఆయన అడిగాడు.

"వంతెనలకి రంగులేస్తాడు."

"అయితే చేతులు పైకెత్తే పని."

"బయట ఎత్తుతాడండీ. ఇంట్లోనే ఎత్తడు."

కూతురు అప్పటికే ఈకలు నింపిన కోటు ఒకటి పట్టుకుని ఉంది. ఆయన దాన్ని ఆమె చేతిలోంచి తీసుకోకుండానే చెప్పాడు. "పొడి చలికి దాన్ని మించింది లేదమ్మా. కాని వంతెన కింద నీళ్లుంటాయి. తడిస్తే ఈకలు ముద్దకట్టేస్తాయి. అప్పుడది కోటు కాదు, తడి మూట."

ఇంకో కోటు తొడుక్కుని చేతులెత్తాడు. కోటు అంచు నడుం దాటి పైకి లేచింది. అది విప్పేశాడు. మూడో కోటు పైకి లేవలేదు. "పొట్టకి ఏదైనా కావాలి," అని చుట్టూ చూశాడు. కూతురు నవ్వాపుకుంటూ తన శాలువా మడిచి ఇచ్చింది. ఆయన దాన్ని కడుపు మీద పెట్టుకుని జిప్పు పైకి లాగాడు.

"ఇంకొంచెం పెట్టండి," అంది అత్తగారు. "మొహమాటపడకండి."

జిప్పు పైదాకా వచ్చింది. ఆయన ఆ శాలువాతోనే వంగాడు, కూచున్నాడు, బ్రష్ పట్టుకున్నట్టు చెయ్యి చాపాడు. వాళ్లు కోటు తీసుకుని వెళ్లిపోయాక స్టూలు మీద కూచుని, చాలాసేపు లేవలేదు. కౌంటరావిడ రెండుసార్లు అటు చూసింది.

మధ్యాహ్నం ఓనరమ్మ వచ్చింది. ఆయన ఇక్కడ చేరినప్పుడు ఆమె వేలాడే కోట్ల మధ్య దాక్కుని ఆడుకునే పిల్ల. ఇప్పుడు షాపు ఆమెది.

"నాన్నగారి మాట మీకు గుర్తుందిగా. ముప్ఫై ఏళ్లు నిండినవాళ్లకి షాపులో నచ్చిన కోటు ఇవ్వాలనేవారు. నిండింది మీ ఒక్కరికే. ఏడాది నుంచి అడుగుతుంటే నాకెందుకు, నాకెందుకు అంటారు."

"ఇవాళ తీసుకుంటానమ్మా."

మళ్లీ వద్దంటాడనుకుని ఆమె ఇంకో మాట సిద్ధం చేసుకుంది. దాంతో పని లేకపోయింది.

ఆయన నాలుగు కోట్లు తీసుకుని ట్రయల్ రూములోకి వెళ్లి గడియ పెట్టాడు. స్వెట్టర్ విప్పి మూడో కొక్కేనికి తగిలించాడు. చొక్కాతో అద్దం ముందు నిలబడ్డాడు. భుజం ఎముకలు చొక్కా లోంచి తెలుస్తున్నాయి. ఆరు నెలలుగా ఈ అద్దంలో అలా చూసుకోలేదు.

ఆయన భార్య రేవులో పనిచేస్తుంది. పడవ ఎక్కేవాళ్ల టికెట్లు చింపుతుంది. పడవ ఆనినప్పుడు తాడు అందుకుని గుంజకు చుట్టేది కూడా ఆమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నది మీది గాలిలో, పదేళ్ల కిందట ఆయన వేసుకుని వదిలేసిన కోటుతో నిలబడుతుంది. దాని జిప్పు పోయి అయిదేళ్లైంది. నాలుగు పిన్నీసులు పెట్టుకుంటుంది. షాపుకు రమ్మంటే, "నాకేం, ముదురు తోలు, చలే భయపడి పోతుంది" అంటుంది. కొలతలు ఇవ్వదు. నిద్రలో టేపు పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటేసింది.

వాళ్లిద్దరిదీ ఒకటే ఎత్తు. పెళ్లి ఫొటోలో ఫొటోగ్రాఫరు ఆయన కాళ్ల కింద ఇటుక పెట్టాడు. ఒళ్లు మాత్రం ఆయనది ఎక్కువ, ఆమెది తక్కువ. మొన్న ఆమె కోటు అనుకోకుండా తొడుక్కున్నాడు. అది ఒకప్పుడు తనదే. ఆమె దాన్ని తన ఒంటికి తగ్గట్టు పక్కల్లో కుట్టేసుకుంది. అది ఆయనకు సరిపోయింది. బిగుతూ కాదు, వదులూ కాదు. అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

కొక్కేనికి ఉన్న స్వెట్టర్ తీసి, మడిచి, దాని చేతులతోనే, ఆమె తుంటి అంత వచ్చేలా, తన తుంటి చుట్టూ కట్టుకున్నాడు. అద్దంలో చూసి ఒక ముడి బిగించాడు. ఆమె చూస్తే ఏమంటుందో తెలుసు.

మొదటి కోటు తొడిగాడు. ఆమె టికెట్ల సంచీ పట్టీ ఎడమ భుజం మీద నుంచి కుడి తుంటి మీదికి వస్తుంది. తన బెల్టు తీసి అలా వేసుకున్నాడు. కోటు జేబు సరిగ్గా దాని కింద పడింది. ఆ కోటు వద్దు. రెండోదానిలో ఈకలు. వద్దు. మూడోది వేసుకుని, టోపీ లాక్కుని, తల ఎడమకు తిప్పాడు. తల తిరిగింది, టోపీ తిరగలేదు. ఒక కన్ను గుడ్డ లోపలే ఉండిపోయింది. పడవ వచ్చేది ఆ పక్క నుంచే. వద్దు.

"బాబాయ్, లోపల నిద్రపోయారా?" బయటి నుంచి కౌంటరావిడ అంది. "మీడియమేగా, ఇంతసేపేంటి?"

"చూస్తున్నా."

నాలుగోది తొడిగాడు. టోపీ తలతోపాటు తిరిగింది. జేబులు పట్టీకి పైన, ఛాతీ దగ్గర ఉన్నాయి. చేతుల అంచులు గ్లవ్స్ మీదికి వచ్చాయి. జిప్పు మీద గాలి చొరకుండా పట్టీ ఉంది. దూరం నుంచి విసిరిన తాడు అందుకున్నట్టు రెండు చేతులూ పైకి చాపాడు. నడుం బయటపడలేదు. వంగి గుంజకు మూడు చుట్లు చుట్టాడు. లేచి, టికెట్టు చింపాడు. ఇంకో టికెట్టు. ఇంకో టికెట్టు. తర్వాత గ్లవ్స్ వేసుకుని, పదిసార్లు జిప్పు లాగాడు.

స్వెట్టర్ విప్పి కొక్కేనికి తగిలించి, కోటు చేతిమీద వేసుకుని బయటికి వచ్చాడు. కౌంటరావిడ నవ్వబోయి ఆగింది. స్వెట్టర్ లేకుండా ఆయన్ని ఆమె చాలా నెలలుగా చూడలేదు. చూపు ఆయన మీద నుంచి తీసి కోటు మీద పెట్టింది. జిప్పు లాగే కొస ఎడమ అంచుకు ఉంది. చీటీ మీద చిన్న సైజు అని ఉంది.

"ఇది ఆడవాళ్లది కదా బాబాయ్."

"అవును."

"పిన్నిగారిని ఒకసారి తీసుకొచ్చి చూపిస్తే..."

"ఆమె రాదమ్మా. వేసుకుని చూశాను. సరిపోయింది."

ఆమె కోటును మడిచింది. బాగా రాలేదని విప్పి మళ్లీ మడిచింది. "నాలుగు రోజులేగా సెలవు?" అంది సంచీ ఇస్తూ.

"నాలుగు రోజులనే రాశాను."

రేవుకు వెళ్లే బస్సు ఎక్కాక స్వెట్టర్ మరిచిపోయానని గుర్తొచ్చింది. దిగలేదు.

సాయంత్రం పడవ అప్పుడే ఆనింది. ఆమె తాడు చుట్టడం అయ్యేదాకా ఆగి, సంచీ అందించాడు.

"ఎవరిదయ్యా ఇది?"

"నీది."

"నాకున్నదిగా. నీకేదీ? వాళ్లిచ్చేది నీకు కదా!"

"చేతులెత్తు ముందు."

"ఇక్కడా? జనం చూస్తున్నారు, సిగ్గులేదూ."

"ముప్ఫై ఏళ్ల నుంచి నేను ఎత్తలేదా జనంలో? ఎత్తవే."

పడవ దిగేవాళ్లు దారి చేసుకుని పోతున్నారు. ఆమె నాలుగు పిన్నీసులూ తీసి నోట్లో పెట్టుకుని, పాత కోటు విప్పి, కొత్తది తొడుక్కుంది. చేతులెత్తింది. వంగింది. తల తిప్పి పడవ వైపు చూసింది. పిన్నీసులు నోట్లోంచి తీసి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుంది.

"కొలత ఎవరిచ్చారు?"

"నేనే వేసుకుని చూశా."

ఆమె ఆయన చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాగి, భుజం మీద చెయ్యి వేసి, ఎముక దాకా తడిమింది. తర్వాత పాత కోటు ఆయనకు తొడిగి, నాలుగు పిన్నీసులూ ఒక్కొక్కటే పెట్టింది. మెడ దగ్గరిది పెట్టడానికి ఎక్కువసేపు పట్టింది.

"ఊరందరి కొడుకువనుకున్నా," అంది. "చివరికి నేను కూడా నువ్వేనా?"

"గాలి వస్తోందా లోపలికి?"

"రావట్లేదయ్యా."

సోమవారం ఆయన ఆస్పత్రిలో చేరాడు. నాలుగు రోజులు మూడు వారాలయ్యాయి. నాలుగో వారంలో, ఆయన్ని సాగనంపడానికి, ఓనరమ్మ షాపు ఒకరోజు మూసింది. ఇంకో రెండు వారాలకు ఆయన భార్య మళ్లీ రేవులో నిలబడింది, గొంతు దాకా జిప్పు లాక్కుని. నది మీద మంచు ఇంకా విడలేదు.

ట్రయల్ రూములో మూడో కొక్కేనికి స్వెట్టర్ అలాగే ఉంది. కౌంటరావిడ రెండుసార్లు దాన్ని ఆయన ఇంటికి పంపుదామని తీసి, మళ్లీ తగిలించింది. కోట్లు వేసుకుని చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఇదెవరిదండీ అని అడుగుతుంటారు. లోపల కుట్టిన గుడ్డ మడతల మీద దాని భుజాలు జారకుండా, మీడియం సైజులోనే నిలబడి ఉన్నాయి.