మేమింకా నర్సులం కాము

తాయవ్వ చనిపోయింది జబ్బుతో కాదు. ఆక్సిజన్ అయిపోయి చనిపోయింది. నా కళ్ళతో చూశాను కాబట్టి ముందు ఆ మాట చెప్పి, మిగతాది తర్వాత చెబుతాను. నర్సింగ్ చదువుకు మూట సర్దుకుంటున్న చెల్లెళ్ళు వినాలి.

2006, ఆగస్టు నెల. బీదర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి, దాన్ని ఆనుకునే నర్సింగ్ స్కూలు. నా పేరు మౌనశ్రీ. జహీరాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చి అక్కడ రెండో ఏడు చదువుతున్నాను. అప్పట్లో హైదరాబాదులో నెలకొక అద్దాల ఆసుపత్రి లేచేది. పని తెలిసిన సిస్టర్లను అవే లాక్కుపోయేవి. మా దగ్గర్నుంచి కూడా వేసవిలో ముగ్గురు వెళ్ళిపోయారు. డైరెక్టరు వాళ్ళ బదులు ఎవర్నీ తీసుకోలేదు. సిస్టర్లు పెట్టుకునే బెల్టులు మాకే కట్టించి వార్డుల్లోకి తోలాడు. క్లాసులు ఆగిపోయాయి. మేమూ సంతోషపడ్డాం. అనుభవం వస్తోంది, రేపు హైదరాబాదులో ఉద్యోగం దొరుకుతుంది అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళ వార్డులో ముప్పై రెండు మంచాలకు లీయా ఒక్కతే ఉంది. మొదటి ఏడు పిల్ల, పంతొమ్మిదేళ్ళు. బీదర్‌దే. తండ్రి జయానందం చర్చి బడిలో ప్యూను. బగ్దల్ నుంచి వచ్చిన కూలి మనిషి తాయవ్వకు ఆయాసం, ఆక్సిజన్ పెట్టారు. సిలిండర్ ముల్లు దిగిపోతుంటే లీయా స్టోరుకు పరుగెత్తింది. తాళం వేసి ఉంది. తాళంచెవి మేనేజరు జేబులో ఉంది, మేనేజరు ఇంట్లో భోజనం చేస్తున్నాడు. ఫోన్ ఎత్తలేదు. నేను పక్క వార్డు నుంచి వచ్చేసరికి లీయా ముసలమ్మను ఒంటికి ఆనించుకుని కూర్చోబెట్టి, "గాలి తీస్కో అవ్వా, జర గాలి తీస్కో" అంటోంది. ముసలమ్మ గోళ్ళు నీలమైపోయాయి.

వరండాలో రాయి ఉంది. నేను దాంతో తాళం పగలగొట్టలేదు. ఎందుకు పగలగొట్టలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

గంట తిరగకముందే డైరెక్టరు లీయాను తాయవ్వ కొడుకు కాశప్ప ముందు నిలబెట్టాడు.

"ఈ అమ్మాయి తప్పు ఇంజెక్షన్ చేసింది. మేమే పోలీసులకు అప్పగిస్తున్నాం."

లీయా నోరు తెరవబోయింది. మేనేజరు ఆమె భుజం పట్టుకుని నొక్కాడు. కాశప్ప ఆమె మొహం మీద ఉమ్మాడు. ఆమె తుడుచుకోలేదు. మేం పద్నాలుగు మందిమి వరండాలో నిలబడి చూశాం. జీపు వచ్చి లీయాను ఎక్కించుకుపోయింది. మేం మళ్ళీ వార్డుల్లోకి వెళ్ళాం. సెలైన్లు మార్చాం.

మర్నాడు సాయంత్రం హాస్టల్ మెస్సులో కూర్చున్నాం. డ్యూటీ బందు చేద్దామని ఒకరన్నారు. మూడో ఏడు చదివే హేబ్సిబా ఒప్పుకోలేదు.

"బంద్ జేస్తే లోపల పండుకున్నోళ్ళు ఏం గావాలె? ఇంకో తాయవ్వ సస్తది."

"మన సర్టిఫికెట్లన్నీ ఆయన బీరువల ఉన్నయి," అంది ప్రణీత. "పదో తరగతి మెమో సుత ఇయ్యడు. రేపు ఏ మొఖం పెట్టుకొని ఇంటికి పోతం? లీయా కొత్త పిల్ల. తెల్వక ఏమన్న జేసిందేమో."

"తెల్వకనే జేస్తున్నం ప్రణీతా, అందరం," అంది హేబ్సిబా. "మొన్న ఆపరేషన్ అయినోళ్ళను నేనొక్కదాన్నే సూసిన. ఒకాయనకు బీపీ పడిపోతాంటే డాక్టర్‌కు ఫోన్ జేసి ఏడ్సిన. ఆయన బతికిండు గనుక నేను ఈడ కూసున్న. సస్తే నేను గూడ జైల్లనే ఉంటుంటి."

అప్పుడు జయానందం వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"తప్పు నాదే అని రాసి సంతకం పెడితే ఇడిపిస్త అంటుండు సారు. పెట్టమని చెప్పొస్త బిడ్డా."

"పెడితే హంతకురాలు అయితది మామా," అంది హేబ్సిబా.

"పెట్టకుంటే జైల్ల ఉంటది." ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. "మీరు సూసిన్రు గదా. సూసినోళ్ళల్ల ఒక్కరన్న నోరు ఇప్పిన్రా?"

ఆయన వెళ్ళిపోయాక నేనే అన్నాను, బగ్దల్ పోయి కాశప్పకు నిజం చెబుదామని.

తెల్లారి తొమ్మిది మందిమి బస్సెక్కాం. ప్రణీత రాలేదు. మమ్మల్ని చూడగానే కాశప్ప ఇంటి ముందున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకామె చీపురు ఎత్తింది. కాశప్పకు మన తెలుగు వచ్చు, జహీరాబాద్ చెరుకు కోతలకు పోయి నేర్చుకున్నాడు.

"తప్పు సూది కాదన్నా," అన్నాను. "ఆక్సిజన్ అయిపోయింది. ఇంకో సిలిండర్ స్టోర్ల ఉండె, దానికి తాళం. నేను సూసిన."

"సూసి మూడొద్దులు ఏం జేసినవ్?"

"భయపడ్డ."

"మా అవ్వ మిమ్ముల సిస్టరమ్మా అని పిలిసింది. నువ్వు సిస్టర్‌వా?"

"కాదన్నా. ఇంక సదువుకుంటున్న. లీయా వచ్చి ఏడాది సుత గాలే."

"మరి ఆడ నర్సు ఎవరు?"

"ఆ వార్డుల నర్సు లేదు."

చీపురు పట్టుకున్న ఆమె దాన్ని కిందికి దించింది. కాశప్ప నేల మీద కూలబడ్డాడు. ఉమ్మిన ఆ నోటిని అరచేత్తో గట్టిగా తుడుచుకున్నాడు. తలెత్తాడు.

"ఈ మాట నాకొక్కనికి చెప్తే ఏమొస్తది? ఆడ మంచాల మీద ఉన్నోళ్ళందరికి చెప్తవా?"

మా పోరాటానికి దారి చూపింది ఆయనే. మాలో చదువుకున్న ఒక్కరికీ అది తట్టలేదు.

సోమవారం పొద్దున బెల్టులు విప్పి డైరెక్టరు గది ముందు కుప్ప పోశాం. కన్నడంలో, ఉర్దూలో, తెలుగులో కాగితం మీద రాసి గుండె మీద పిన్నుతో పెట్టుకున్నాం. "నేను విద్యార్థిని. ఈ వార్డులో నర్సు లేదు." పని మాత్రం ఆపలేదు. మాత్రలిస్తూ చెప్పాం, దుప్పట్లు మారుస్తూ చెప్పాం. విన్నవాళ్ళు మొదట నమ్మలేదు. తర్వాత కొందరు మమ్మల్నే తిట్టారు. మధ్యాహ్నానికి రోగుల బంధువులంతా డైరెక్టరు గది ముందుకు చేరారు. ట్రాక్టరులో బగ్దల్ వాళ్ళు దిగారు.

డైరెక్టరు మా వైపే వచ్చాడు. "మీ గొయ్యి మీరే తవ్వుకుంటున్నారు. ఈ స్కూలు మూతబడితే మీకు చదువెవరు చెబుతారు?"

"నువ్వు చెప్పింది సదువు గాదు సార్," అంది హేబ్సిబా. "చేయించుకున్నది ఎట్టి చాకిరి."

మేనేజరు మా గుండెల మీది కాగితాలు చింపడం మొదలుపెట్టాడు. నాది చింపాడు, హేబ్సిబాది చింపాడు. ప్రణీత అంతవరకూ మెట్ల దగ్గర దూరంగా నిలబడి ఉంది. అప్పుడు జేబులోంచి పెన్ను తీసి, ఆ మూడు భాషల్లోనే అదే మాట తన ముంజేతి మీద రాసుకుంది. చెయ్యి ఎత్తి మేనేజరు ముందు పెట్టింది.

"ఇది చింపు," అంది.

పోలీసులు వచ్చి పదకొండు మందిని ఎక్కించుకుపోయారు. స్టేషన్‌లో మేం చూసింది రాసుకోమంటే ఎస్సై రాయలేదు. మా వెనకే నడిచి వచ్చిన కాశప్ప బల్ల ముందు నిలబడ్డాడు.

"సచ్చింది నా తల్లి. నా ఫిర్యాదు ఆ పిల్ల మీద గాదు. తాళం ఏసినోని మీద. రాయి సార్."

బయట రోడ్డు మీద రెండు వందల మంది కూర్చున్నారు. చీకటి పడకముందే రాశారు.

గెలిచామని చెప్పను. లీయా పంతొమ్మిదో రోజున బయటికొచ్చింది. మేనేజరు నాలుగు రోజులే లోపల ఉన్నాడు. డైరెక్టరు ఒక్క రోజు కూడా లేడు. స్కూలు మూతబడింది. మా చదువు ఎక్కడా లెక్కకు రాదన్నారు. సర్కారు స్కూల్లో సీట్లివ్వాలని వానలో పదకొండు రోజులు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే ఆరుగురికి ఇచ్చారు, అది కూడా మళ్ళీ మొదటి ఏడు నుంచి. హేబ్సిబా, ప్రణీత, నేను ఆ ఆరుగురిలో ఉన్నాం. లీయా దరఖాస్తే పెట్టలేదు. ఇంట్లో బట్టలు కుడుతోంది. ఎవరైనా ఆయాసంతో దగ్గితే మిషను ఆపి లేచి వెళ్ళిపోతుందట.

జనవరిలో తెలిసింది, డైరెక్టరు భార్య పేరు మీద బసవకళ్యాణ్‌లో ఇంకో స్కూలు తెరిచాడని. ఆ నెలలోనే ఒక ఆదివారం నలుగురు అమ్మాయిలు ఆ ఊరి బస్సు దిగి, దారి అడుక్కుంటూ మా సర్కారు హాస్టలుకు వచ్చారు. యూనిఫారాలు ఇంకా కొత్తగా ఉన్నాయి. వార్డుల్లో తమను ఒక్కొక్కరినే పెడుతున్నారని చెప్పారు.

"అక్కా, మీరు ఫస్ట్ ఏం జేసిన్రు?" అని అడిగింది వాళ్ళలో చిన్నది.

హేబ్సిబా వాళ్ళకు చాప పరిచింది.

"ఫస్ట్ భయపడ్డం," అంది. "కూసోండ్రి. ఆడి నుంచే చెప్త."