వీరాయమ్మ టేకు నేల

మేడగది తుడవడానికి వీరాయమ్మకి ఒక పద్ధతుంది. ముందు మెత్తటి చీపురుతో ఇసక రేణువు కూడా మిగలకుండా ఊడుస్తుంది. తర్వాత పాత పంచె ముక్కని నీళ్ళలో ముంచి, చుక్క కారనంతగా పిండి, చెక్కల వాలునే తుడుచుకుంటూ వెళ్తుంది. ఆ వెనకాలే పొడిగుడ్డ. ఫినాయిలు మేడ మెట్లెక్కదు. ఎప్పుడైనా నేల వన్నె తగ్గితే కాస్త కొబ్బరినూనె రాస్తుంది. ఇదంతా చాదస్తమని అమలాపురంలో ఎవరూ అనరు. ఆ నేల సంగతి అందరికీ తెలుసు.

ఆ టేకు భద్రాచలం అవతలి అడవుల్లోంచి తెప్పలుగా గోదావరి మీద వచ్చింది. ఒళ్ళు బాగా తడిసిందంటే దానికి అడవి గుర్తొస్తుంది, లేచి వెళ్ళిపోతుంది. ఒకసారి వీరాయమ్మ అత్తగారు పండగని బిందెలతో కడిగితే, నేల మేడ దిగి కాలవగట్టు దాకా పోయింది. వీధి వీధంతా మోకులేసి లాక్కొచ్చారు. ఆ పూట భోజనాలు ఆలస్యమయ్యాయని విసుక్కున్నారు తప్ప ఇంకేమీ అనుకోలేదు.

డెబ్భై ఎనిమిది వేసవిలో వీరాయమ్మ భర్త లోవరాజు గుండెనొప్పితో పోయాడు. పిల్లల్లేరు. కాట్రేనికోన నుంచి ఆయన అన్న సత్తిరాజు, వదిన చిన్నమ్మలు వచ్చి ఉన్నారు. పదకొండో రోజున మైల కడిగించి, ఇంటికి తాళం పెట్టి, వీరాయమ్మని తమతో తీసుకుపోతామన్నారు. తీసుకుపోవడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. చిన్నమ్మలుకి నడుంనొప్పి, ఇంటినిండా జనం, పొయ్యి దగ్గర మనిషి లేదు. ఇక బతుకంతా ఆ పొయ్యి ముందే.

"నేనిక్కడే ఉంటానండి బావగారూ," అంది ఆ పొద్దున ధైర్యం కూడదీసుకుని.

"ఒంటరి ఆడదానివి ఎలా ఉంటావమ్మా? లోకం నన్నంటది. బండి చెప్పేను. భోంచేసి బయల్దేరిపోదాం," అన్నాడు సత్తిరాజు. ఆయన మర్యాదకి వంక పెట్టలేం. గొంతు కోసేటప్పుడు కూడా 'అమ్మా' అనే రకం.

"ఆయ్," అంది వీరాయమ్మ. నోరు అలవాటు మీద అంది గానీ, గుండె అనలేదు.

నీళ్ళ కావిళ్ళు వచ్చాయి. కింది గదులన్నీ కడిగాక సత్తిరాజు మేడ వైపు చెయ్యి చూపించాడు.

"మేడ మీద పిండిన గుడ్డతో తుడిచేస్తానండి. అక్కడ నీళ్ళు పొయ్యకూడదు కదండీ."

"మా తమ్ముడి ప్రాణం పోయింది ఆ గదిలోనే. గుడ్డతో తుడిస్తే మైల పోద్దా? పొయ్యండర్రా!"

"నేల వెళ్ళిపోద్దండి బావగారూ."

"పోతే పోనీ. తాళం పెట్టే ఇంటికి మేడ దేనికి?"

కావిళ్ళ వెనకే వీరాయమ్మ మేడెక్కింది. పనివాళ్ళు బిందెలు కుమ్మరించి, గబగబా కిందికి దిగిపోయారు. చెక్కలు నీళ్ళు తాగి ఉబ్బాయి. దూలాల మీద కిర్రుకిర్రుమంటూ ఒరుసుకోవడం మొదలెట్టాయి. వీరాయమ్మ పొడిగుడ్డ పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడి, దొరికిన చెక్కనల్లా అద్దింది. అద్దిన చోటల్లా చెక్క అణిగింది. ఇంకాస్త అద్దితే నేల ఆగిపోతుంది.

ఆగితే? నేలని తాళంలో పెడతారు, తనని పొయ్యి దగ్గర పెడతారు. ఆమె అద్దడం మానేసింది.

"వీరాయమ్మా, బండొచ్చింది, దిగు!" కింద నుంచి చిన్నమ్మలు కేకేసింది.

వీరాయమ్మకి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. లేచి, మూల నిండుగా మిగిలిపోయిన బిందెని నేల మీద బోర్లించేసింది.

నేల కదిలింది. ఆమెని మీద కూర్చోబెట్టుకుని చెక్క వెనక చెక్కగా మెట్లు దిగింది, గుమ్మం దాటింది. బండి ఎడ్లు పక్కకి తప్పుకున్నాయి. నేల కాలవలోకి దిగి, మళ్ళీ ఒక్కటిగా కూడుకుని ఎగువకి తిరిగింది.

సత్తిరాజు గట్టు వెంట పరిగెత్తాడు. "అమ్మాయ్! నీ దగ్గర పొడిగుడ్డుంది కదా, ఆపు దాన్ని!"

గుడ్డ ఆమె ఒళ్ళోనే ఉంది. ఆమె దాన్ని మడత పెట్టుకుంది.

ఆయన మోకుల కోసం వీధిలోకి కేకలేశాడు. మోకులున్నవాళ్ళందరూ భోజనాల మీద ఉన్నామన్నారు.

నేల అడవి దాకా పోలేదు. కొత్తపేట దగ్గర గట్టెక్కి, ఎండకి ఒళ్ళారి అక్కడే ఆగిపోయింది. వీరాయమ్మ దాని చుట్టూ రాటలు పాతించి, చినుకు కారకుండా తాటాకు దట్టంగా కప్పించుకుంది. ఆ నేల మీదే కూర్చుని అప్పడాలు ఒత్తి సంతలో అమ్ముకుంది. రాత్రిళ్ళు భయం వేసేది, లోవరాజు గుర్తొచ్చి ఏడుపూ వచ్చేది. పొద్దున్నే లేచి నేల తుడుచుకునేది.

వానలు పడ్డాక సత్తిరాజు వెతుక్కుంటూ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద.

"చాల్లే ఇంక, పదమ్మా," అంటూ గడపలో కాలు పెట్టబోయాడు.

వీరాయమ్మ అప్పడాల కర్ర వదల్లేదు, లేవలేదు.

"కాళ్ళు తుడుచుకుని రండి బావగారూ. మంచినీళ్ళు తాగి వెళ్దురు గాని."

సత్తిరాజు పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత వంగి, కాళ్ళు తుడుచుకున్నాడు.