దండ వేసిన గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. నన్ను మోగనివ్వని రోజున కన్నమ్మ చచ్చిపోయింది. దీనిమీద వాదన అక్కర్లేదు.

రైలుదారి వేసినప్పుడు మిగిలిపోతే నన్ను కోసి, నీలంపేట స్టేషను వసారాలో వేలాడదీశారు. అప్పటికి స్టేషనంటే ఒక గది, ఒక వసారా, ఒక నుయ్యి. తర్వాత గూడ్సు షెడ్డు వచ్చింది. బెల్లం దిమ్మలు, గోగునార మోపులు, మామిడి బుట్టలు నా ముందునుంచే ఎటెటో వెళ్లాయి. నేను ఎక్కడికీ వెళ్లలేదు. బండి వస్తుంటే వణకడం, పోయాక ఊగడం, మళ్లీ వణకడం. నాకు నిలకడ లేదు.

వెనక స్టేషనులో బండి కదలగానే నన్ను కొట్టేవారు. ఊళ్లో ఎవరూ గడియారం చూసేవారు కాదు. నేను మోగాక అన్నం ముగించి, తలుపుకి తాళం వేసి బయల్దేరేవారు. బండి అందేది. ముందే వచ్చి కూర్చున్నవాణ్ణి చూసి నవ్వేవారు.

కొట్టేవాడు అసిరయ్య. పింఛను పుచ్చుకుని ఇంటికి పోయినా ఊరికి వాడు గంట అసిరయ్యే.

తర్వాత బండి రాక చెప్పడానికి మైకు వచ్చింది. పెద్దలొచ్చి నాకు బంతిపూల దండ వేసి, నా సేవలను పొగిడి, కాఫీలు తాగి వెళ్లారు. అసిరయ్యను ఎవరూ పిలవలేదు. బతికున్నదానికి దండ వేయడం మనుషులకు సరదా.

మర్నాడు వాన. ఏరు పొంగి బస్సులు ఆగాయి. అసిరయ్య భార్య కన్నమ్మకు రక్తపు వాంతులు. పట్నం ఆసుపత్రికి పొద్దుటి పాసింజరే దిక్కు. ఇంట్లో ఏమనుకున్నారో తర్వాత అసిరయ్యే నా కింద కూర్చుని చెప్పుకున్నాడు.

"ఏటి మావా, నీ గంట ఇంకా మోగనేదు?" అందట కన్నమ్మ.

"మోగనీయే. ముందే తీసికెళ్లి వానలో నిన్ను తడపడమెందుకు?"

"మైకెట్టారంట గదా."

"ఎడితే? గంట మానేస్తారేటి!"

ఆ సమయానికే స్టేషనులో కరెంటు పోయింది. మైకు పలకలేదు. పోర్టరు సుత్తి తీశాడు.

"కొట్టీమంటారా బాబూ?"

"నిన్ననే కదయ్యా దండ వేసి సాగనంపాం. మళ్లీ కొడితే జనం నవ్వరూ?" అన్నాడు స్టేషను మాస్టరు.

బండి వచ్చింది. కూత విని, అసిరయ్యవాళ్లు కన్నమ్మను మంచంతో ఎత్తుకుని పరుగెత్తుకొచ్చేసరికి గార్డు పెట్టె వెనకభాగం కనిపించింది. సాయంత్రం బండి వచ్చేసరికి కన్నమ్మ లేదు.

ఇప్పుడు నాకు ఎర్రరంగు పూసి, కొత్త స్టేషను ముందు చుట్టూ గొలుసు కట్టి పెట్టారు. జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. మొన్న ఏదో ఉత్సవమని అసిరయ్యను పిలిపించి చేతికి సుత్తి ఇచ్చారు.

"ఒక్కసారి కొట్టు తాతా," అన్నాడు కొత్త మాస్టరు.

"ఏ బండొస్తందని బాబూ?"

సుత్తి నేలమీద పెట్టి వెళ్లిపోయాడు. మాస్టరే కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ మోత ఇనుముది, నాది కాదు.

కన్నమ్మ మాట నేనిక ఎత్తను.