యాదయ్యకు పడని రంగు

యాదయ్య రంగు తాగాడట. ఆదివారం పెళ్లాంతో పోట్లాడి, తలకేసుకునే నల్లరంగు తాగేశాడట. మొఖం గుమ్మడికాయంత అయిందట. రెండు కళ్లూ మూసుకుపోయాయట. పక్కింటి అమృతమ్మ గిన్నె చూసి మరీ చెప్పిందని ఆటో కొండల్ ఫోన్‌లో అంటుంటే, షాద్‌నగర్‌లో అక్క ఇంటికి ఆ పొద్దున్నే వచ్చిన ఆ పెళ్లాం, స్వరాజ్యం, అన్నం పళ్లెం ముందు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి లేచి నిలబడింది.

"నువ్వు చూసినవా తాగంగ?"

"నేనేడ చూసిన అక్కా? అమృతమ్మనే చెప్పింది. నేను ఆటోల ఏసుకొచ్చిన, గంతే. దవాఖానల గూడ గదే చెప్పిన."

"నీ నోట్ల మన్నువొయ్య! ఎందుకు జెప్పినవ్‌రా?"

బస్సులో శంషాబాద్ దాకా ఆమె కూర్చోలేదు. సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. తాగలేదని ఆమెకు తెలుసు. శనివారం పొద్దుగూకాక ఆ రంగు కలిపిందీ తనే, బ్రష్షుతో నెత్తికి పూసిందీ తనే, గిన్నె అడుగున మిగిలింది మోరీలో పారబోసిందీ తనే. గిన్నె మాత్రం తోమకుండా బండ మీద వదిలేసింది. ఆ గిన్నే ఇప్పుడు ఊరంతటికీ సాక్ష్యమైంది. ఈ చుట్టుపక్కల రంగు తాగి పోయినవాళ్లు లేకపోలేదు, అందుకే ఆ మాటకు కాళ్లు తొందరగా వచ్చాయి.

పోట్లాట మాత్రం నిజం. ఆదివారం మధ్యాహ్నం యాదయ్య నెత్తి మండుతోంది, ఇక రంగు వేసుకోనన్నాడు. "తెల్ల నెత్తి ఏసుకొని పోతే హోటల్ గేటు కాడ డ్యూటీ ఎవడిస్తడు? మొగోడివి, జర ఓర్చుకో" అని ఆమె అరిచింది. ఆ అరుపు గోడ దాటింది. దాని ముందున్న మాట దాటలేదు.

దవాఖానలో మంచం మీదున్న మనిషిని ఆమె చొక్కా చూసి గుర్తుపట్టింది. కనురెప్పలు ఉడకబెట్టిన గుడ్లలా ఉబ్బాయి. నుదుటి అంచున, చెవుల వెనక తడితడిగా రసి కారుతోంది. ఒక మనిషి ఆయన రెండు చేతులూ అదిమిపట్టి ఉంటే, నర్సు ముక్కులోకి గొట్టం దించబోతోంది.

"ఆపున్రి! ఏం జేస్తున్నరు ఆయనను?"

"కడుపు కడగాలి. రంగు తాగిండు. పోలీసులకు గూడ ఫోన్ చేసినం."

"తాగిండని ఎవలన్నరు? నోరు తెరిచి చూసినవా? నాలుక చూసినవా? కట్టుకున్నదాన్ని నేనొచ్చేదాక ఆగకుండ, ఆటోవోని మాట పట్టుకొని గొట్టాలు దోపుతరా?"

ఆ గోలకు డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, కోస్తా మాట. "కాస్త నెమ్మదించండమ్మా" అంటూనే యాదయ్య నోరు తెరిపించి లైటు వేసి చూసింది. నాలుక ఎర్రగా శుభ్రంగా ఉంది. గొంతులో వాపు లేదు. చెవి మడిచి వెనక చూసింది.

"రంగు ఎప్పుడు వేశారు?"

"శనివారం పొద్దుగూకినంక."

"ఇవాళ సోమవారం. సరిగ్గా సరిపోయింది. గొట్టం వద్దు. పోలీసులకు కూడా తాగలేదని చెప్పండి." నర్సుకు చెప్పి, యాదయ్య వైపు వంగింది. "ఇంతకుముందెప్పుడైనా దురద పెట్టిందా?"

ఉబ్బిన పెదాల మధ్య నుంచి యాదయ్య అన్నాడు, "మూడుసార్ల సంది."

స్వరాజ్యానికి తెలిసింది ఈ ఒక్కసారే.

"మెడ మీద తోలెందుకు లేచింది?"

"అమృతమ్మ గొంగడేసి రుద్దింది. దద్దుర్లు లేస్తే గొంగడితో రుద్దితే తగ్గుతయని..." అన్నాడు యాదయ్య.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. ఇది విషం కాదు, ఒంటికి పడకపోవడం. రంగులో జుట్టును నల్లబరిచే మందు ఒకటుంటుంది. ఏళ్ల తరబడి పడినట్టే ఉంటుంది. ఏదో ఒకరోజు ఒళ్లు దాన్ని శత్రువని గుర్తుపడుతుంది. ఒకసారి గుర్తుపట్టాక ఇక మరువదు. ఆపైన కొంచెమే పూశాం కదా అంటే కుదరదు. పూయగానే రాదు, ఒకరోజో రెండు రోజులో ఆగి వస్తుంది, అందుకే ఎందుకొచ్చిందో మనిషికి అంతుపట్టదు. పూసిన ప్రతిసారీ ముందటికన్నా ఎక్కువ కావచ్చు.

దాయాదుల పగ లాగన్నమాట, అనుకుంది స్వరాజ్యం. పదేళ్లు కలిసి తిన్నాక మొదలవుతుంది, మొదలైతే తరాలు గడిచినా పోదు.

"ఆరేండ్ల సంది ఏస్తున్నం గదమ్మా?"

"అందుకే వచ్చింది. ఈసారి కళ్ల దగ్గర ఆగింది. ఇంకోసారి గొంతులో వాపొస్తే, ఆసుపత్రికి తెచ్చే టైం కూడా ఉండకపోవచ్చు." ఒక చీటీ మీద ఆ మందు పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. "ఈ పేరున్నది ఏదీ ఆయన ఒంటికి తగలకూడదు."

జుట్టు మొదలంటా కత్తిరించి, సూదులిచ్చి, మూడోరోజు ఇంటికి పంపారు. ఇంటి ముందు దిగగానే అమృతమ్మ ఎదురొచ్చింది.

"అయ్యో బిడ్డా, బతికినవా! నేను తాగిండన్లే స్వరాజ్యం, తాగినట్టున్నదన్న."

"ఆయనకు ముక్కుల గొట్టం దోపబోయిన్రు పెద్దమ్మా, నీ 'ఉన్నట్టు'కు! తోలు లేసేదాక రుద్దినవు గద, నా మొగడేమన్న ఇత్తడి చెంబా?"

అమృతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆమె మీద కోపం ఆ రాత్రికే సగం చల్లారింది. తన మీద తనకున్నది చల్లారలేదు. అది పోయే చోటు లేక, పొయ్యి మీది గిన్నెల మీద, వాకిట్లో కోళ్ల మీద పడుతూ వచ్చింది.

పదిహేనో రోజున రాఘవేందర్ బండేసుకుని వచ్చాడు. ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీది హోటలుకు గార్డులను పెట్టే ఏజెన్సీలో సూపర్‌వైజర్ అతను. యాదయ్య నెత్తి మీద అప్పుడే తెల్లగా, పగిలిన పత్తికాయల్లా, వెంట్రుకలు లేస్తున్నాయి. వాటి వంక చూసి రాఘవేందర్ జేబులోంచి ఆకుపచ్చ ప్యాకెట్ తీశాడు.

"యాదన్నా, ఇది ఆకుమందు. నల్ల మెహందీ. మందుగిందు ఏం లేదు. ఏసుకొని రేపు డ్యూటీకి రా. రాకుంటే నీ జాగల ఇంకొకలు నిలవడ్తరు."

యాదయ్య తలూపాడు. స్వరాజ్యం నీళ్ల డ్రమ్ము నింపుకుంటూ ఆ మాట విన్నది గానీ, ఆయన మొహమాటానికి తలూపాడే తప్ప నిజంగా పూసుకోడనుకుంది.

తెల్లారి లేచేసరికి పక్కన లేడు. బండ దగ్గర గొంతుక్కూర్చుని గిన్నెలో ఏదో కలుపుతున్నాడు. చేతిలో బ్రష్షు.

ఆమె కాలితో తన్నిన తన్నుకు గిన్నె గోడకు తగిలి డొల్లింది. గోడ మీద నల్లగా చారలు కారాయి.

"ఏంది గిది? పానం మీద తీపి లేదా?"

"ఆకే అంటున్నడు గదనే రాఘవేందర్."

"నీకు తెల్వదా? అరచేతికి గోరింటాకు పెడితె ఏం రంగైతది?"

"ఎర్రగైతది."

"మరి గిది నల్లగెట్లయింది? ఆకు తనంతల తానే నల్లవడుతదా?"

స్వరాజ్యం ప్యాకెట్ తీసుకుని వెలుగులోకి నడిచింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ చీర అంచుకు అంచు కలిపి చూడడం వచ్చు. డాక్టరమ్మ చీటీ ఒక చేత్తో, ప్యాకెట్ ఒక చేత్తో పట్టుకుని, ఒక్కో అక్షరం మీద గోరు పెట్టుకుంటూ పోయింది. వెనకవైపు, మడత కింద, చీమతలకాయలంత అక్షరాలలో ఆ పేరు దొరికింది. మొదటి నుంచి చివరిదాకా ఒక్కటి కూడా తప్పలేదు.

"చెప్పులేసుకో" అంది మొగుడితో.

ఏజెన్సీ ఆఫీసు శంషాబాద్‌లో టైర్ల దుకాణం మీద. బెంచీ మీద నలుగురు గార్డులు కూర్చుని ఉన్నారు. నలుగురి నెత్తులూ బొగ్గులా ఉన్నాయి. స్వరాజ్యం ప్యాకెట్, చీటీ రెండూ బల్ల మీద కొట్టినట్టుగా పెట్టింది.

"చదువు సారూ. నీకు ఇంగ్లీషొస్తది గద. రెండు ఒక్కటేనా కాదా?"

రాఘవేందర్ చదివాడు. గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నాకేం ఎర్క? దుకాణమోడు ఆకన్నడు. అయినా నేను జెప్పిన్నా రంగు తాగుమని?"

"తాగలే! ఊరికి జెప్పి జెప్పి నోరు నొస్తుంది. పూసుకుంటెనే గట్లయింది!"

"సరే, పడలే. అందరికీ పడ్తది. ఆయనొక్కనికే పడకుంటె నన్నేం జెయ్యమంటవ్?"

"అందరికా?" ఆమె బెంచీ వైపు తిరిగింది. "మీకు పడుతుందా తమ్మీ? నెత్తి గోక్కోకుండ నిద్రవట్టి ఎన్ని రోజులైతుంది, జెప్పున్రి?"

చివరన కూర్చున్న పెంటయ్య చెవి వెనక్కి పోయిన చెయ్యిని మెల్లగా దించి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చూసినవా సారూ? గీళ్లకు రేపో ఎల్లుండో. ఆయన కండ్లు మూసుకపోయి పండుకుంటె నీ హోటలోళ్లు ఎవలన్న వచ్చి చూసిపోయిన్రా? పానం పోతే ఎవల పేరు రాస్తరు? రంగు తాగి సచ్చిండని రాస్తరు, నేను తాపిన్నని జెప్తరు!"

"లొల్లి జెయ్యకక్కా. నా చేతుల ఏమున్నది? హోటలోళ్లు పెట్టిన రూలు." రాఘవేందర్ ప్యాకెట్‌ను వేలితో ఆమె వైపు నెట్టాడు. "విమానం దిగి కార్లల్ల వస్తరు, పెద్ద పెద్దోళ్లు. గేటు కాడ ముసలోడు నిలవడితే వాళ్లేమనుకుంటరు, నువ్వే జెప్పు?"

స్వరాజ్యం నోరు తెరిచేలోగా, ఇంతసేపూ గుమ్మంలోనే నిలబడ్డ యాదయ్య లోపలికి వచ్చాడు. నెత్తికి చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజం మీద వేసుకున్నాడు.

"ముసలోడు నిలవడ్డడనుకుంటరు."