పదహారు కడ్డీలు

మా ఆయన ఆర్విల్ నలభై ఏళ్లుగా ఇంజిన్లు కడుతున్నాడు. మన్సీ ఊళ్లో మా గరాజు తెలియనివాళ్లు లేరు. ఇన్నేళ్లలో నన్ను ఒక్క నట్టు ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు. కిందటేడు క్యాన్సర్ మందులు అతని ప్రాణం నిలిపాయిగానీ వేలికొసల్లో స్పర్శ పట్టుకుపోయాయి. అయినా మా పాత పికప్‌కి ఇంజిన్ తానే కడతానని పంతం. ఇదే ఆఖరిదట.

శనివారం పొద్దున పిలిచాడు.

"డెల్లా, చేతులు కడుక్కుని రా."

"ఎందుకు, పెళ్లిచూపులా?"

"నీ వేళ్లు కావాలి."

వాల్వుల్ని తెరిచే సన్నటి కడ్డీలు పదహారు. ఒక్కోదాన్నీ పైకీ కిందకీ ఆడిస్తూ పైనున్న నట్టు బిగించాలి. ఆట పోయిన చోట ఆగి, ఇంకో అర చుట్టు తిప్పాలి. ఎక్కువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

మొదటి మూడూ నిన్న తనే బిగించానని చెప్పి, పానా చేతికిచ్చి నాలుగోది నాకు వదిలాడు. కడ్డీ నా వేళ్ల మధ్య ఆడింది. నట్టు తిప్పుతుంటే ఆట సన్నగిల్లి, సన్నగిల్లి, ఉన్నట్టుండి లేకుండా పోయింది. దారం బిగిసే చోటు నాకు తెలుసు, యాభై ఏళ్లుగా బొంతలు కుడుతున్నాను. కానీ ఇంత ఇనుములో అంత సున్నితం ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? ఒళ్లు ఝల్లుమంది. ఇన్నాళ్లూ ఈ ముసలాడు ఒక్కడే దాచుకున్నది ఇదా అని ఒళ్లు మండింది కూడా.

పదహారోది అయ్యాక ఆర్విల్ కాఫీకి లోపలికెళ్లాడు. ఇందాక తను చేసినట్టే ఇంజిన్ కింది ఇరుసు, క్రాంకు, తిప్పుకుంటూ ఆ మొదటి మూడూ చూశాను. అర చుట్టు వదిలితే రావాల్సిన ఆట, రెండు చుట్లు వదిలితేగానీ రాలేదు. అంత బిగించేశాడు. చప్పుడు కాకుండా మూడూ సరిచేశాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉన్నాడు.

"మూడూనా?"

"ఏ మూడు?"

"డెల్లా."

"మూడూ."

"తెలుసు. నిన్న గాలిని పట్టుకున్నట్టే ఉంది. నీతో చెప్పడానికి నోరు రాలేదు."

నాకు ఏడుపొచ్చింది. కాఫీ చల్లారిపోతోందని కసిరాను.

మరుసటి శనివారం ఇంజిన్ పికప్‌లోకి ఎక్కింది. రెండో తిప్పుకే అందుకుంది. ఎక్కడా టకటక లేదు. పదహారు కడ్డీలూ లోపల నేను పెట్టిన చోటే లేస్తూ దిగుతూ ఉన్నాయనుకుంటే నమ్మబుద్ధి కాలేదు. ఆర్విల్ వంగి, ముందు చక్రం పైరేకు మీద చెంప ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"తెలుస్తోందా?" అన్నాను.

"అన్నీ తెలుస్తున్నాయి."

ఆదివారం చర్చి నుంచి వచ్చి కుట్టుపెట్టె తెరిస్తే, సూదుల మధ్య నూనె తుడిచిన ఆ పానా ఉంది.

"ఇదేంటి ఇక్కడ?"

"నీ సామాను నీ పెట్టెలో పెట్టాను" అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా.